దూడ చిక్కం

మా ఇంటికి బుల్‌డాగ్ వచ్చిన మొదటి వారం దాన్ని నేను నమ్మలేదు. దాన్ని ఇచ్చినవాణ్ని అసలే నమ్మలేదు.

అక్కను మొగుళ్లపల్లిలో ఇచ్చాం. బావకు భూపాలపల్లిలో బొగ్గు గని ఆఫీసులో ఉద్యోగం. ఆయన క్వార్టర్ పక్కన కోస్తా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు ఉండేవాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం పెద్ద సమ్మె జరిగి, బస్సులు, బడులు, గనులు అన్నీ ఆగిపోయి, మళ్లీ మెల్లగా కదులుతున్న రోజులవి. ఆ ఇంజనీరు బదిలీ చేయించుకుని పోతూ పోతూ, "పొలం, పెరడు ఉన్నవాళ్లెవరైనా ఉంటే పెంచుకోమనండి" అని కుక్కను బావకు అప్పగించాడట. బావ దాన్ని జీపులో వేసుకుని స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరున్న మా ఊరికి తెచ్చాడు.

నేనప్పుడు దేవరుప్పుల వైపు ఒక సర్కారు బడిలో టీచర్ని. సాయంత్రం బడి నుంచి రాగానే ఊళ్లో దీక్షా శిబిరంలో కూర్చునేవాణ్ని, మైకు దొరికితే మాట్లాడేవాణ్ని. నాకు అనుమానం పుట్టుకతోనే ఎక్కువ. ఉద్యమం దానికి ఒక మర్యాద తెచ్చిపెట్టింది. ఎవడు మనవాడు, ఎవడు అవతలివాళ్లకు ఉప్పందిస్తున్నాడు అని పసిగట్టగలగడం ఆ రోజుల్లో తెలివికి గుర్తు. అంత మంచి జాతి కుక్కను ఒక కోస్తా ఇంజనీరు మాకెందుకిస్తాడు? దానికి ఏదో జబ్బు ఉండాలి, లేదంటే కరిచే గుణమైనా ఉండాలి.

"ఊరికెనే ఇచ్చిండా?" అని బావను మూడుసార్లు అడిగాను.

"ఊరికెనే ఇచ్చిండయ్యా. ఇచ్చేటప్పుడు ఏడ్చిండు గూడ."

ఏడ్చాడంటే నాకు ఇంకా అనుమానం పెరిగింది.

కుక్క మాత్రం జీపు దిగి, వంకర కాళ్ల మీద నాలుగడుగులు వేసి, మా బాపు చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుంది. రెండేళ్ల వయసట, ముఖం చూస్తే అరవై ఏళ్లు దాటినట్టుంది. నుదుటి నిండా ముడతలు, కిందికి జారిన బుగ్గలు, బయటికొచ్చిన రెండు కింది పళ్లు. దానికో ఇంగ్లిషు పేరుంది, మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. బాపు వంగి చూసి, "ఏం రా ముసలోడా, అలిసిపోయినవా?" అన్నాడు. అది తోక లేని వెనకభాగం మొత్తం ఊపింది. ఆ రోజు నుంచి అది ముసలోడే.

ముసలోడి గురక గురించి చెప్పాలి. పగలు పడుకుంటే వాకిట్లో నిలబడ్డవాళ్లకు వినిపించేది. మా ఇంటికి వచ్చినవాళ్లు "లోపల ఎవలో పెద్దమనిషి పన్నడా?" అని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. దానికి కోళ్లంటే భయం. మూడు మెట్లు ఎక్కాలంటే కింద నిలబడి ఎవరైనా ఎత్తుకునేదాకా నిట్టూర్చేది. కడుపులో గాలి వదిలి, ఆ శబ్దానికి తనే ఉలిక్కిపడి, ఎవరు చేశారన్నట్టు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసేది. ఒకసారి గొడ్ల కుడితి తొట్టిలోకి తొంగిచూస్తూ జారి పడింది. ఈత రాదు, రాయిలా మునిగింది. బాపు, నేను రెండు వైపులా పట్టి లాగాం. బయటికొచ్చాక మా ఇద్దరి మీదా దులుపుకుని, మేమే దాన్ని పడేసినట్టు రెండు రోజులు అలిగింది.

దాని ముఖం ముడతల్లో తడి నిలిస్తే పుండ్లు పడేవి. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో ఒక్కో ముడత విప్పి తుడవాలి. ఆ పని ఎట్లా వచ్చిందో నా మీదికి వచ్చింది. మొదట ఒక చేత్తో మెడపట్టీ గట్టిగా పట్టుకుని, కరుస్తుందేమోనని దూరం నుంచి తుడిచేవాణ్ని. పది రోజులకల్లా నేను గుడ్డ తేగానే అది తల వంచి ముఖం నా అరచేతిలో పెట్టేది. అంత బరువైన తల అట్లా చేతిలో పెట్టాక ఇంకెవరి మీద అనుమానం మిగులుతుంది? నాకు ముసలోడి మీద పోయింది. లోకం మీద మిగిలింది.

మా పెరటి వెనక పొలాలు దాటితే ఒక తండా ఉంది. అక్కణ్నుంచి ఒక అవ్వ రోజూ వచ్చి మా గొడ్ల కొట్టం ఊడ్చి, పేడ తీసి పోయేది. యాభై ఏళ్లుంటాయి. నాతో తెలుగులో రెండు మాటలు మాట్లాడితే ఎక్కువ. ముసలోడితో మాత్రం తన ఇంటి భాషలో చాలాసేపు మాట్లాడేది. అదే మాట మళ్లీ మళ్లీ, మెల్లగా. అది చెవులు వెనక్కి వేసి వినేది. ఆమె ఏమంటుందో నాకు అర్థమయ్యేది కాదు, అర్థం కాని మాటంటే నాకు పడదు. పైగా రెండేళ్ల కింద మా బాపు పొలానికి కంచె వేసి, తండా గొడ్లు పోయే దారి మూసేశాడు. అప్పట్నుంచి వాళ్లు చుట్టు తిరిగి పోతున్నారు. ఆమె దాని గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడం కూడా నాకు అనుమానమే.

చలి తగ్గుతుండగా ముసలోడికి ఊపిరి కష్టమైంది. వాకిలి దాటి వస్తేనే ఆయాసం. మానుకోట పశువుల దవాఖానలో ఇట్లాంటి కుక్కలు చూసిన డాక్టరు ఉన్నాడని ఎవరో చెప్పారు. ప్యాసింజర్ రైల్లో బయల్దేరాను. అవ్వ కూతుర్ని మానుకోట పక్క తండాలోనే ఇచ్చారు. "నేను గూడ వస్త సారు, కుక్కను పట్టుకుంట, బిడ్డను సూసొస్త" అంది. దారిలో రైలు ఆగింది. పట్టాల మీద జనం జెండాలతో కూర్చున్నారు. రెండు గంటలు అక్కడే. ఒకాయన కిటికీలోంచి చూసి, "గిదేం కుక్క అన్నా, యాడిది?" అన్నాడు.

"భూపాలపల్లిది" అన్నాను. ఇంజనీరు మాట మింగేశాను.

డాక్టరు గొంతు వినగానే కోస్తావాడని తెలిసింది. నా వెన్ను దానంతటదే నిటారయింది. ఆయన ముసలోడి నోరు తెరిచి చూసి, ముక్కు దగ్గర చెవి పెట్టి విని, "ఇది మీ ఎండలకి తట్టుకోదండి. దీనికి ముక్కుతో ఊపిరి చాలదు. నోరు తెరిచి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది. వేసవిలో నీడన పెట్టి, కింద తడి గోనె వేయండి. పల్చటి మజ్జిగ పట్టండి. నోటికి అడ్డం ఏదీ రాకుండా చూసుకోండి" అన్నాడు.

నా చెవిన పడ్డది ఒక్కటే మాట, "మీ ఎండలు". మా భాషను సినిమాల్లో వెక్కిరించారు, ఇప్పుడు ఎండను కూడా వదలడం లేదు అనుకున్నాను. "మా ఎండల్ల మేం బతుకుతలేమా డాక్టర్ సాబ్?" అన్నాను. ఆయన చీటీ రాసిచ్చాడు. అవ్వ కుక్క మెడ పట్టుకుని నేల మీద కూర్చుని ఆయన ముఖంలోకే చూస్తోంది.

బయటికొచ్చాక, "సూసినవా అవ్వా, మన ఎండలు గూడ నచ్చయి వీళ్లకు" అన్నాను.

"ఎండ ఎవలకు నచ్చుతది సారు" అంది.

ఎండాకాలం వచ్చింది. బడికి సెలవులు. శిబిరంలో పగలంతా కూర్చునేవాణ్ని. ముసలోడి మీద జోకులు మొదలయ్యాయి. "ఆంధ్ర కుక్కకు తెలంగాణ గంజి పడుతుందా సారూ?" అని ఒకాయన. నేను మొహం మాడ్చుకునేసరికి ఇంకొకాయన, "పరేషాన్ గాకు, గింత మందు పెడితే అయిపాయె" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అదే వారంలో ఊళ్లో రెండు వీధికుక్కలు నురగలు కక్కి చచ్చిపోయాయి. ఎవరో ఏదో పెట్టారన్నారు. ఆ మాట అన్న ఆయన ముఖాన్ని నేను మూడు రోజులు చదివాను. ఏమీ దొరకలేదు, అందుకే ఇంకా చదివాను.

ఇంట్లో ముసలోడి గిన్నె వాసన చూడటం మొదలుపెట్టాను. నీళ్లు నేనే పోసేవాణ్ని. అన్నం మొదట కోడికి వేసి చూసి, తర్వాత దానికి పెట్టేవాణ్ని. బాపు చూసి, "నీకు పోలీసు నౌకరి రావాల్సుండె" అన్నాడు.

అప్పుడు కనిపెట్టాను. మధ్యాహ్నాలు నేను ఇంటికి వచ్చేసరికి ముసలోడు పడుకున్న చోట నేల తడిగా ఉండేది. గడ్డం కింద తెల్లటి చుక్కలు. గడ్డివాము వెనక మాది కాని ఒక సత్తు గిన్నె. ఆ మర్నాడు శిబిరానికి పోకుండా తలుపు సందులోంచి కాపలా కాశాను. ఇంట్లో అందరూ అన్నాలు తిని నడుం వాల్చాక, పెరటి వైపు నుంచి అవ్వ వచ్చింది. కొంగు కింద గిన్నె. అటూ ఇటూ చూసింది. ముసలోడి పక్కన గొంతుక్కూర్చుని గిన్నె దాని ముందు పెట్టింది. అది లొటలొటా తాగింది. ఆమె తన భాషలో ఆ పాత మాటే మెల్లగా అంటోంది.

చాటుగా వచ్చింది కాబట్టి దొంగపని. అటూ ఇటూ చూసింది కాబట్టి భయం. దారి మూసేశాం కాబట్టి పగ. మూడూ కలిపితే నాకు లెక్క సరిపోయింది. ఒకేసారి పెడితే దొరికిపోతుందని రోజుకింత పెడుతోందనుకున్నాను. తలుపు తీసి, "ఏంది అవ్వా గది?" అని అడిగితే సరిపోయేది. అడిగితే అబద్ధం చెబుతుందని ముందే తీర్మానించుకున్నాను.

దూడ తల్లి దగ్గర పాలు తాగేయకుండా మూతికి కట్టే తాడు వలను మా దగ్గర చిక్కం అంటారు. కొట్టంలో మేకుకు మూడు నాలుగు వేలాడుతుండేవి. మర్నాడు పొద్దున ఒకటి తీసుకుని ముసలోడి దగ్గరికి వెళ్లాను. ఎవరేం పెట్టినా నోట్లోకి పోదు కదా అని నా ఆలోచన. నేను ముడతలు తుడవడానికి వచ్చాననుకుని అది తల వంచి ముఖం నా చేతిలో పెట్టింది. దూడకైతే మూతి పొడుగు, చిక్కం నిలుస్తుంది. దీనికి మూతే లేదు, రెండుసార్లు జారిపోయింది. చెవుల వెనక రెండు చుట్లు తిప్పి, నోరు తెరుచుకోకుండా బిగించి ముడి వేశాను. అది కాలితో ఒకసారి గోక్కుని, నా మీద నమ్మకంతో ఊరుకుంది.

అవ్వ పేడ తట్టతో వస్తూ చూసింది. "సారు, గట్ల కట్టొద్దు" అంది.

"నువ్వు కుక్క దిక్కు పోకు. పేడ తీసి పో" అన్నాను. నా గొంతులో ఏముందో ఆమెకు అర్థమైంది. తట్ట నెత్తికెత్తుకుని పోయింది.

ఆ రోజు జనగామలో సభ. పదకొండుకల్లా వచ్చి చిక్కం విప్పి, నీళ్లు పట్టి, మళ్లీ కడతాననుకున్నాను. సభ సాగింది. నేను కూడా మాట్లాడాను, చప్పట్లు పడ్డాయి. ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది.

కొట్టం నీడలో అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒడిలో ముసలోడి తల. ఆమె చీర, నేల, కుక్క, అన్నీ తడిసి ఉన్నాయి. దాని నాలుక నీలంగా పక్కకు వేలాడుతోంది. మూతి చుట్టూ నురగ. చిక్కం కోసేసి పక్కన పడి ఉంది. దాని పక్కనే ఆ సత్తు గిన్నె.

నేను మొదట అడిగింది కుక్క గురించి కాదు. "చిక్కం ఎవలు తీసిండ్రు?" అన్నాను.

"నేనే కోసిన."

"ఎందుకు కోసినవ్?"

"ఊపిరి ఆడుతలేదు సారు. ఇంటికి పోయిన గని, మనసాగలే. మళ్ల వచ్చి సూసేసరికి గిట్లుంది. నీళ్లు పోసిన, సల్ల పోసిన. మింగలే."

నేను నమ్మలేదు. గిన్నె తీసుకుని వాసన చూశాను. మజ్జిగ వాసనే వచ్చింది, అయినా నమ్మలేదు. ఆ గిన్నె చేతిలో పట్టుకునే శిబిరానికి నడిచాను. అక్కడ నేను ఆమె విషం పెట్టిందని అనలేదు. చాలా ఏళ్లు ఆ ఒక్క తేడాను పట్టుకునే బతికాను. నేనన్నది రెండు మాటలే. "చిక్కం కోసింది ఆమెనే. గిన్నె గూడ ఆమెదే." మిగతాది వాళ్లే పూరించుకున్నారు. మందు పెడదామని జోకేసిన ఆయనే అందరికంటే ముందు, "దారి మూసిన కోపమది" అన్నాడు.

బావి గట్టున బాపే గుంత తవ్వాడు. నన్ను పార ముట్టుకోనివ్వలేదు. ఆ ముఖం ముడతలు ఆఖరిసారి తడి గుడ్డతో ఆయనే తుడిచాడు. నేను పక్కన నిలబడి ఏడ్చాను. ఆ ఏడుపులో కోపం ఉంది కాబట్టి నాకు బాగానే అనిపించింది. కోపం లేని ఏడుపు ఎట్లా ఉంటుందో మర్నాడు తెలిసింది.

మర్నాడు మానుకోట డాక్టరుకు ఫోన్ చేశాను. నాలుక నీలం, నోట్లో నురగ అని చెప్పి, "ఏ మందు పెడితే గిట్లయితది డాక్టర్ సాబ్?" అన్నాను.

"మూతికి ఏమైనా కట్టారా?" అన్నాడు ఆయన.

"లేదు" అన్నాను.

"కట్టలేదంటే నేనేం చెప్పలేనండి. కట్టి ఉంటే మందు అక్కర్లేదు, ఈ ఎండకి గంట చాలు. మీతో వచ్చిన ఆవిడకి మళ్లీ మళ్లీ చెప్పాను కూడా. మీరు బయటికెళ్లాక ఆవిడ వెనక్కి వచ్చి, గోనె ఎంత తడపాలి, మజ్జిగ ఎంత పల్చగా కలపాలి అని అడిగి వెళ్లింది."

ఫోన్ పెట్టేసి కొట్టంలోకి వెళ్లాను. గడ్డివాము వెనక మూడు గోనెసంచులు మడతపెట్టి ఉన్నాయి, ఇంకా చెమ్మ ఆరలేదు. అమ్మను అడిగాను. "మన సల్ల కుక్కకు పోస్తుంటే ఓ రోజు తిట్టిన. గప్పటిసంది వాళ్లింటికెల్లి తెచ్చిపోసిందో ఏమో" అంది. అటూ ఇటూ చూసింది అందుకు. ఆ గోనెల పక్కనే కూర్చున్నాను. ముసలోణ్ని చంపింది నేను. ఆ తల వంచి నా చేతిలో పెట్టినప్పటి బరువు ఇప్పటికీ అరచేతిలో ఉంది.

ఆ సాయంత్రం బాపు మేకుకున్న చిక్కాలన్నీ తీసి నీళ్లు కాగే పొయ్యిలో పెట్టాడు. నా వైపు చూడలేదు. ఆయనకు తెలుసని అప్పుడు అర్థమైంది. ఆయన నోరెత్తలేదు కాబట్టి నేనూ ఎత్తలేదు. ఊరి ముందు కొడుకు పరువు ఆయనకు ముఖ్యం, నాకూ అదే ముఖ్యం.

అవ్వ మళ్లీ మా ఇంటికి రాలేదు. ఇంకెవరూ ఆమెను పనికి పిలవలేదు. కుక్కకు పెట్టిన చేయి గొడ్లకు పెట్టదా అన్నారు. రెండు నెలలు చూసి ఆమె మానుకోట పక్కన కూతురి దగ్గరికి వెళ్లిపోయిందని విన్నాను. శిబిరంలో ఎవరైనా ఆమె మాట ఎత్తితే నేను బీడీ వంకతో లేచి బయటికి వచ్చేవాణ్ని.

ఏడాది తర్వాత బాపు పోరి పోరి బావతో ఇంకో బుల్‌డాగ్ పిల్లను తెప్పించాడు. అదీ గురక పెడుతుంది, అదీ మెట్ల కింద నిలబడి నిట్టూరుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు నేనే గోనె తడిపి పరుస్తాను, పల్చటి మజ్జిగ పోస్తాను. గురక ఒక్క క్షణం ఆగితే చాలు, లేచిపోయి దాని పొట్ట మీద చేయి పెట్టి చూస్తాను. ఇప్పుడు నేను అనుమానించేది నా చేతుల్నే.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా రంగు చల్లుకుంది. చుట్టుపక్కల తండాలన్నీ డప్పులతో వచ్చాయి. నేను తెల్లచొక్కా వేసుకుని సభకు బయల్దేరుతుంటే పెరటి వైపు అలికిడైంది. అవ్వ. పండుగకని తండాకు వచ్చినట్టుంది. బాగా చిక్కిపోయింది. కుక్క పక్కన గొంతుక్కూర్చుని, దాని గడ్డం కింద చేయి పెట్టి, తన భాషలో ఆ పాత మాటే అంటోంది. కింద తడి గోనెను తడిమి చూసింది.

"ఏమంటవ్ అవ్వా దానితోని?" రెండేళ్ల తర్వాత ఆ ప్రశ్న అడిగాను.

"ఊపిరి తీస్కో బిడ్డా, జర మెల్లగ తీస్కో అంట. గంతే."

ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "నువ్వు ఏం పెట్టలేదు అవ్వా. నేనే సంపిన. చిక్కం కట్టి నేనే సంపిన" అన్నాను.

ఆమె కుక్క చెవి నిమురుతూనే ఉంది. "నాకెందుకు చెప్తవ్ సారు? నాకెరుకే గద. ఊరికి చెప్పు" అంది.

కూడలిలో నా పేరు పిలిచారు. వెళ్లాను. ఊరంతా ఉంది, మందు పెడదామన్న ఆయన, పనికి పిలవనివాళ్లు, మా బాపు, అందరూ. మైకు నా చేతికిచ్చారు. మనకు జరిగిన అన్యాయం గురించి, మన మాట ఎవరూ నమ్మని రోజుల గురించి పావుగంట మాట్లాడాను. ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. అవ్వ జనం చివర నిలబడి ఆఖరిదాకా విన్నది.